పొయ్యిలు లెక్కపెట్టిన ఊరికి మళ్లీ

దుగరాజపట్నానికి ఇప్పుడు బస్సు పోతుంది. ఆ రోజుల్లో పడవే దిక్కు. మద్రాసులో పొద్దున రైలెక్కి, సూళ్లూరుపేటలో దిగి, పులికాట్ సరస్సు దాటి, కాలువ వెంట ఉత్తరంగా పోతే మర్నాటికి ఆ ఊరు చేరేవాళ్ళం. ఆ దారిలో నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి వెళ్లినప్పుడు తప్పు చేస్తున్నానని నాకు తెలియదు. తెలిసిన తర్వాత నాలుగో వారానికి రెండోసారి బయల్దేరాను. ఇది ఆ రెండో ప్రయాణం సంగతి.

అప్పట్లో నేను మద్రాసులో ఒక కళాశాలలో సాంఘిక సేవ పాఠాలు చెప్పేవాణ్ణి. బర్మా నుంచి ఓడల నిండా మన వాళ్ళు తిరిగి వస్తున్న కాలం. తాతల నాడు కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి రంగూన్ రేవులో కూలికి పోయినవాళ్ళ పిల్లలు, మనవలు. కట్టుబట్టలతో దిగారు. వాళ్ళను కాందిశీకులు అనేవాళ్ళం. కొన్ని కుటుంబాలను తెచ్చి దుగరాజపట్నానికి దగ్గర్లో, చేపలు పట్టే పట్టపు వాళ్ళ పాళెం పక్కన, ఇసుకలో తాటాకు గుడిసెలు వేసి ఉంచారు. వాళ్ళ బాగోగులు చూడటానికి ఒక సహాయ సంఘం మస్తాన్ అనే దర్జీని కార్యకర్తగా పెట్టుకుంది. ఆ కాందిశీకులకు సాయం ఎలా అందుతోందో పరిశీలించి రాయడం నా పని.

మస్తాన్ జాబితాలో ఇరవై ఆరు కుటుంబాలు ఉన్నాయి. నేను వెళ్లి చూస్తే పదకొండు పొయ్యిలే ఉన్నాయి. నా ఫారంలో కుటుంబం అంటే ఒక పొయ్యి మీద వండుకునేవాళ్ళు. మాది సంగం. పెన్న ఒడ్డున వరి పండించుకునే ఇల్లు. మా వైపు అన్నదమ్ములు విడిపోవడం అంటే రెండో పొయ్యి పెట్టడమే. పొలం పంచుకోకపోయినా పొయ్యి వేరైతే ఇల్లు వేరైనట్టే. కాబట్టి ఆ నిర్వచనం మీద నాకు అనుమానం రాలేదు. పదిహేను కుటుంబాలు జాబితాలో తప్ప ఎక్కడా లేవని రాశాను. ఆ అంకె నాకు నచ్చింది కూడా. సంఘం పెద్దలు మెచ్చుకున్నారు. మస్తాన్‌ను పని నుంచి తీసేశారు. ఇళ్ల స్థలాల జాబితాలో పదిహేను పేర్లు కొట్టేశారు.

నాలుగేళ్ల పాటు ఆ నివేదికను తరగతిలో పాఠంగా చెప్పాను. ఒక రోజు కావలి దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన విద్యార్థి లేచి, "మీరు ఏ నెలలో వెళ్లినారు సార్?" అని అడిగాడు. మే నెలలో అన్నాను. "ఎండాకాలం మా పాళెంలో పొయ్యిలు లెక్కపెడితే మా ఇల్లు కూడా ఉండదు సార్," అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

రైల్లో

తప్పు దిద్దాలంటే వేసవిలోనే వెళ్లాలి. అందుకే సెలవులు ఇచ్చిన మర్నాడే బయల్దేరాను. సంచిలో పాత నివేదిక, ఖాళీ ఫారాలు ఒక కట్ట.

తడ వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద అరుపులు అరవం నుంచి తెలుగులోకి తిరిగేవి. మధ్యలో ఒక స్టేషన్లో వడలమ్మేవాడు రెండూ కలిపి అరిచేవాడు. ఆ స్టేషన్ కోసం చెవులు రిక్కించి కూర్చోవడం నాకు సరదా. మద్రాసులో ఏడాదంతా బిగబట్టుకున్న నోరు అక్కడ వదులయ్యేది.

తడలో ఎండుచేపల ఖాళీ గంపతో ఒక పెద్దామె ఎక్కి నా ఎదుట కూర్చుంది. కొంగు ముడి విప్పి తాటిముంజలు తీసి, అడగకుండానే రెండు నా చేతిలో పెట్టింది.

"ఏం ఉద్యోగం సామీ?"

"ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఎలా బతుకుతున్నారో అడిగి రాసుకుంటానమ్మా."

"రాసుకొని?"

"పైవాళ్ళకు పంపిస్తాను."

"పంపిస్తే?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె పకపకా నవ్వింది. "మా ఇంటాయనా ఇంతే. మూడో మాటకి ఆకాశం చూస్తాడు. తిను సామీ, ముంజ ఎండిపోతా ఉండాది."

సూళ్లూరుపేట

స్టేషన్ ఎదుట ఉన్న మిలిటరీ హోటల్లో ముప్పావలాకు అన్నం, చేపల పులుసు. పచ్చి మామిడికాయ వేసి కాచిన పులుసు. మద్రాసు హోటళ్లలో ఎంత డబ్బు పెట్టినా ఆ పులుపు దొరకదు. ఆకులో పులుసు పక్కకు పారకుండా అన్నంతో గట్టు కట్టుకోవడం మా అమ్మ నేర్పిన విద్య. వడ్డించే ఆయన అది చూసి, "మన జిల్లాయనే!" అని ఇంకో ముక్క వేశాడు.

మస్తాన్ ఊరు అదే. దర్జీల వీధిలో అడిగితే ఒక ముసలి దర్జీ కళ్లజోడు పైకి జరిపి చెప్పాడు. "మస్తానా? దుగరాజపట్నంలో మిషను పెట్టుకున్నాడు సార్. ఈడ ఉండలేకపోయినాడు. లేనోళ్ళ పేర్లు రాసినాడని ఎవురో మద్రాసాయన రాసి పంపినాడంట. అది ఊరంతా పాకింది. మసీదు కాడ కూడా మాటాడేవాళ్ళు తగ్గిపోయినారు."

"ఎవరా మద్రాసాయన?"

"ఎవురో సదువుకున్నాయనలే."

ఆ ఎవరో నేనే అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను చెప్పలేదు. చొక్కా గుండీ ఒకటి ఊడిందని కుట్టించుకుని, దండం పెట్టి వచ్చేశాను. మూడు వందల మైళ్లు నడిచైనా తప్పు ఒప్పుకుంటానని ఇంట్లో చెప్పి వచ్చినవాణ్ణి, మూడు మాటలు చెప్పలేకపోయాను.

కాలువ మీద

శ్రీహరికోట సర్వి తోపుల కట్టెలు మద్రాసుకు మోసే పడవలు ఖాళీగా తిరిగి వస్తుంటాయి. అలాంటి పడవ ఒకటి దొరికింది. పడవాయన పేరు పోలయ్య. గాలి ఉంటే తెరచాప ఎత్తుతాడు, లేకపోతే ఆయనా ఆయన తమ్ముడూ గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. చలికాలంలో కొంగల గుంపులు దిగే ఆ సరస్సు వేసవిలో మోకాలి లోతు. నడిమధ్యలో పడవ బురదలో కూరుకుంది.

"దిగాల సామీ. బరువు మీదే," అన్నాడు పోలయ్య. పడవలో నేను, నా సంచి తప్ప ఇంకేమీ లేవు.

దిగి నెట్టాను. పడవ కదిలింది. నా చెప్పులు రెండూ బురద లోపలే ఉండిపోయాయి. చేతులు పెట్టి వెతుకుతుంటే పోలయ్య తమ్ముడు, "వదిలేయ్ సామీ, పీతలకి పెళ్లి చెప్పులు," అన్నాడు. తిరిగి ఎక్కాక పోలయ్య నా సంచి కేసి చూశాడు.

"కాయితాలోళ్ళా?"

"అవును."

"శ్రీహరికోట దీవిలో ఊళ్ళు లేపేస్తారంటన్నారే, నిజమా?"

"నాకు తెలియదు పోలయ్యా."

"మీ కాయితాలోళ్ళు వస్తారు, రాసుకుంటారు, పోతారు. తర్వాత ఏదో ఒకటి లేస్తాది."

ఆయన మాటలో కోపం లేదు. గాలి సంగతి చెప్పినట్టు చెప్పాడు. చద్దన్నంలో ఉల్లిపాయ నలిపి నాకూ ఒక ముంత ఇచ్చాడు. ఆ రోజుల్లో ఆ కాలువ మీద ఎవరూ ఎవరినీ వదిలేసి తినేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ కాలువ చాలాచోట్ల పూడిపోయిందని విన్నాను. తాడు లాగేవాళ్ళు గట్టు మీద పాడుకునే పాట కూడా దానితోనే పోయి ఉంటుంది.

దుగరాజపట్నం

మస్తాన్ ఒక కొట్టు వసారాలో మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నలభై దాటలేదు గానీ గడ్డం సగం నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"రండి సార్. చెప్పులేవి?"

"పులికాట్ తినేసింది."

ఆయన తన చెప్పులు విప్పి నా వైపు జరిపాడు. వాటిలో కాళ్లు పెట్టలేక పక్కన కూర్చున్నాను. పడవలో వల్లె వేసుకున్న మాటలన్నీ పోయాయి. "మస్తాన్ గారూ, నేను రాసింది తప్పు. మీరు ఆ రోజు నన్ను ఉండమన్నారు. నేను ఉండలేదు," అన్నాను.

మిషను ఆగలేదు. లంగా అంచు పూర్తయ్యేదాకా తొక్కి, దారం పంటితో తెంపి, అప్పుడు నా కేసి తిరిగాడు.

"తెల్లారగట్ట ఒక్కసారి వినిపోండి సార్ అన్నాను. గుర్తుందా? ఉక్కగా ఉంది, పడవ పోతాదంటిరి."

"గుర్తుంది."

"మీ ఫారంలో నలభై ప్రశ్నలుండె. రోజుకి ఎన్ని కడవల నీళ్లు, ఎంతమందికి జ్వరం, అన్నీ అడిగినారు. నన్ను మాత్రం ఒక్కటి కూడా అడగలా. వాళ్ళు ఓడ దిగిన నెలలో ఏడుగురు పిల్లకాయల్ని ఈ చేతుల్తో పూడ్చినాను సార్. ఇంటికొచ్చి ఎవురికి చెప్పుకోవాల? ఒక్కరు అడిగితే చెప్పుకుందామని ఉండె. మీరొచ్చినారంటే, సదువుకున్నాయన, అడుగుతాడనుకున్నా."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఆయనేనా?"

"ఆయనే."

కాసేపటికి టీ వచ్చింది. చక్కెర లేదు. మస్తాన్ తన గ్లాసు ఒక గుక్క తాగి, నా గ్లాసు తీసుకుని రుచి చూసి నవ్వాడు. "నాదాంట్లో వేసింది. మీదాంట్లో మరిచిపోలేదు సార్, మరిచిపోయినట్టు చేసింది." లోపలికి వెళ్లి తనే చక్కెర తెచ్చి కలిపాడు.

"క్షమించండి" అన్న మాట అప్పుడు అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నా సంగతి తర్వాత. మీ కాయితం నా మిషను లాక్కోలా. వాళ్ళ ఇళ్ళు లాక్కుంది. పదండి."

సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఇసుక మొదలయ్యేదాకా తొక్కి, తర్వాత నడిపించాడు. ఇసుక కాలుతుంటే ఆయన చెప్పులే తొడుక్కున్నాను.

ఇసుకలో గుడిసెలు

పదకొండు ఇళ్లకు పెంకులు పడ్డాయి. వాటి వెనక వసారాల్లో, పంచన, మిగతా వాళ్ళు. పేర్లు కొట్టేసిన పదిహేను కుటుంబాల్లో తొమ్మిది అక్కడే ఉన్నాయి. ఆరు కుటుంబాలు ఎటో వెళ్లిపోయాయి.

సింహాచలమ్మ అనే డెబ్భై ఏళ్ల అవ్వ మమ్మల్ని చూసి చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్ల కింద నాకు బూడిద గుంటలు చూపించింది ఆమే.

"ఏటి బాబూ, మళ్లీ పొయ్యిలు లెక్కెట్టడానికొచ్చినావా?"

"లెక్క తప్పానమ్మా. దిద్దుకోవడానికి వచ్చాను."

"మా తమ్ముడు రాములు పేరు కొట్టేసినారు. ఎవలో పెద్దాయన రాసినాడట, ఆడు లేడని. ఆడు నా పక్కనే కూకుని ఇన్నాడు ఆ మాట. 'అప్పా, నేను లేనట' అని నవ్వినాడు. ఇల్లు రానప్పుడు ఇక్కడెందుకని పిల్లల్ని తీసుకుని మద్రాసు రేవుకెలిపోనాడు. మూటలు మోత్తన్నాడో, ఏటి సేత్తన్నాడో."

"ఆ రాసింది నేనేనమ్మా," అన్నాను. ఈసారి ఆపుకోలేదు.

ఆమె కళ్లకు అడ్డం పెట్టిన చెయ్యి దించింది. తర్వాత మస్తాన్‌ను అడిగింది. "తిన్నాడా?"

"లేదవ్వా."

"తిండెట్టండి. పొద్దున్న మాటాడదాం."

వేసవిలో అక్కడ సాయంత్రం పొయ్యి వెలిగించరు. పొద్దున వండిందే. చల్లటి అన్నం, వేయించిన ఎండు రొయ్యల పొడి. మా సంగంలో అతిథికి చల్లన్నం పెడితే పరువు పోయినట్టు. అక్కడ వేడన్నం పెడితే ప్రమాదం తెచ్చినట్టు. ఇసుకలో చాప వేసుకుని సముద్రం చప్పుడు వింటూ పడుకున్నాను. నాలుగేళ్ల కింద ఉక్క అని పారిపోయిన చోటు అదే. ఉక్కేమీ లేదు.

పొద్దున పిలుపు

చీకటి విడకముందే మట్టి గోడ చాటున వరసగా పొయ్యిలు అంటుకున్నాయి. పదకొండు. చాలా పొయ్యిల చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఎవరి గిన్నె వాళ్ళది. ఒక గిన్నె దిగితే ఇంకో గిన్నె ఎక్కుతోంది. సింహాచలమ్మ నాకు రంగూన్ వంటకం పెట్టింది. చేపల చారు, అందులో అరటి దూట ముక్కలు. అక్కడైతే బియ్యపు పిండి సేమియా వేస్తారట, ఇక్కడ దొరక్క మామూలు సేమియా. పైన నిమ్మకాయ. వేడివేడిగా తాగుతుంటే ఆమె, "రంగూన్లో ఈది మలుపులో అమ్మేదాన్ని. నా బండి కాడ దొరలు కూడా నిలబడేవోరు," అంది. నాకు అబద్ధం అనిపించలేదు.

ఎండ పైకి వచ్చాక ఆమె లేచి ఇసుక దిబ్బ ఎక్కింది. తడి గుడ్డ ఒకటి పైకెత్తి పట్టుకుంది. గుడ్డ కాసేపు వేలాడింది. తర్వాత సముద్రం వైపు ఊగింది. పడమటి గాలి తిరిగింది.

"గాలొచ్చింది! అప్పన్నా!"

"ఆర్పినాం!" అని ఒక పొయ్యి దగ్గరి నుంచి ఆడగొంతు. నీళ్లు పడి బుస్సుమన్న చప్పుడు.

"సత్యమూ!"

"ఆర్పినాం!" అదే పొయ్యి. వేరే గొంతు.

"గౌరమ్మా!"

"ఆర్పినాం!" ఆ పొయ్యే. మూడో గొంతు.

మస్తాన్ నా పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు. "వీళ్ళొచ్చిన మొదటి ఎండాకాలం ఇంటికో పొయ్యి పెట్టుకున్నారు. ఒక నిప్పురవ్వకి నాలుగు గుడిసెలు పోయినాయి. పక్క పాళెం పెద్దలు వచ్చి వాళ్ళ పద్ధతి నేర్పినారు. గోడ చాటునే వండాల, పొయ్యి పంచుకోవాల, గాలి తిరిగితే ఆర్పాల. నిప్పు మాత్రం ఎవురి బాధ్యత వాళ్ళదే. అందుకని పొయ్యి ఒకటే అయినా ప్రతి ఇల్లూ పలకాల. వానాకాలం వచ్చినారంటే ఇంటింటికీ పొయ్యి ఉంటాది సార్."

నేను ఆ రోజు పది గంటలకు వచ్చాను. అప్పటికి ఈ గొంతులన్నీ పనుల్లోకి వెళ్లిపోయాయి. మిగిలింది బూడిద. నేను బూడిదను అడిగి రాసుకున్నాను.

ఫారం తీసి ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క గీత పెట్టాను. ఇరవై గీతలు. పిలుపు ఆగలేదు.

"రాములూ!"

ఎవరూ పలకలేదు. దిబ్బ మీద నుంచి అవ్వే గొంతు తగ్గించి, "ఆర్పినాం," అంది.

"ఎర్రయ్యా!" మళ్లీ ఆమే, "ఆర్పినాం."

అలా ఆరు పేర్లు. దిగి వచ్చాక ఎందుకు పిలుస్తున్నావని అడిగాను. "పిలవకపోతే మరిసిపోతాం బాబూ," అని గుడ్డ పిండుకుంటూ వెళ్లిపోయింది.

ఇరవై ఆరు అని రాశాను. ఎంత తృప్తిగా రాశానో ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఆ కాయితం మస్తాన్‌కు ఇచ్చాను. అడుగున 'స్థానిక కార్యకర్త సంతకం' అని ఒక గీత ఉంటుంది. పాత నివేదికలో దాన్ని ఖాళీగా వదిలేశాను.

ఆయన చదివి వెనక్కి ఇచ్చాడు.

"ఇరవై ఆరు కాదు సార్. ఇరవై."

"జాబితాలో ఇరవై ఆరే కదా. మీరే రాశారు."

"నేను రాసినప్పుడు ఉండినారు. ఇప్పుడు లేరు. లేనోళ్ళని ఉన్నట్టు రాసినానని కదా నా పని పోయింది? ఇప్పుడు మీరు నా కోసం అదే రాస్తారా?" ఆయన నా చేతిలోని కాయితం మీద వేలు పెట్టాడు. "ఉన్నోళ్ళని ఉన్నట్టు రాయండి. పోయినోళ్ళని పోయినట్టు రాయండి. ఎందుకు పోయినారో అది కూడా రాయండి. దానికి గడి ఉంటాది కదా మీ ఫారంలో?"

ఉంది. 'వెళ్లిపోయిన కారణం'. పని, జబ్బు, పెళ్లి, ఇతరములు. వాటిలో ఒకదానికి గుర్తు పెట్టాలి. ఇతరముల కింద రెండు అంగుళాల చోటు.

ఇరవై ఆరును ఇరవైగా దిద్ది, అవ్వను, తొమ్మిది ఇళ్ల వాళ్ళను కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం దాకా రాశాను. ఆ ఆరు పేర్లకు ఆరు ఫారాలు. ప్రతిదానిలో ఆ రెండు అంగుళాల్లో ఒకటే మాట: "ఈ కుటుంబం ఇక్కడ లేదని నేను తప్పుగా రాసినందువల్ల." కింద నా పేరు. ఆరోసారి రాసేటప్పటికి అక్షరాలు చిన్నవయ్యాయి.

మస్తాన్ అన్నీ చదివాడు. నిదానంగా, కుట్టు సరిచూసుకునేవాడిలాగా. జేబులోంచి తన కలం తీశాడు. "ముందు వాళ్ళ చేత వేలిముద్రలు వేయించండి. నాది ఆఖర్న," అన్నాడు.

ఆఖర్న చేశాడు. మిషను మీద పనిచేసే చేతికి సంతకం కుదరదని నవ్వుతూ, గీత దాటకుండా చేశాడు.

తిరిగి వచ్చాక

ఆ కాయితాలు పట్టుకుని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో రాయను. అది ప్రయాణం కాదు. సూళ్లూరుపేటలో రైలు ఎక్కేముందు దర్జీల వీధికి వెళ్లి, ఆ ముసలాయనకు మద్రాసాయన ఎవరో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "గుండీ గట్టిగానే ఉండాదా సార్?" అని మాత్రం అడిగాడు. మద్రాసులో రేవు దగ్గర కూలీల మధ్య మూడు ఆదివారాలు రాములు కోసం తిరిగాను. దొరకలేదు. తరగతిలో ఆ పాఠం ఇప్పటికీ చెబుతాను. మొదటి ప్రశ్న, ఏ నెలలో వెళ్లావు. రెండోది, సాయం చేసేవాడు తిన్నాడా, నిద్రపోయాడా.

మరుసటి ఏడాది వేసవిలో మస్తాన్ దగ్గర నుంచి కార్డు వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"సార్, తొమ్మిది ఇళ్ళకి స్థలాలు వచ్చినాయి. సంఘం వాళ్ళు నన్ను మళ్లీ రమ్మన్నారు. సాయంత్రాలు పోయి, పొద్దున పిలుపు అయినాక వస్తా ఉన్నాను. మీరు తిరిగి పంపిన చెప్పులు అందినాయి. పొద్దున పిలుపులో ఆ ఆరు పేర్లూ అవ్వ ఇంకా పిలుస్తానే ఉంది. కాయితంలో లేరు కదా అని నేను ఆపమనలేదు. మొన్న ఆమెకి గొంతు బొంగురుపోయింది. ఆ పొద్దుటికి ఆరు పేర్లూ పిలిచి, నేనే పలికినాను."